రేణుకాదేవి, పరశురామావతారము
(బల్కంపేట ఎల్లమ్మతల్లి కల్యాణ సందర్భమున)

హైదరాబాదు నగరమున అమీర్‌పేటకు అనతిదూరమున బల్కంపేట కలదు. 2017లో మెట్రో రైలు వచ్చినది మొదలు అమీర్‌పేట కూడలి ప్రొద్దు పొడిచినది మొదలు రాత్రి వరకు జనసమ్మర్దముతో నిండియుండుట అందరెరిగినదే. ఆషాఢమాసము ప్రవేశించినంతనే ఆ జనప్రవాహములో పెద్దపాయ ఒకటి బల్కంపేటవైపు మరలును. ఆ మాసమున మొదటి మంగళవారమునాడు అచట ఎల్లమ్మతల్లికి కల్యాణోత్సవము జరుగును. 2024లో జూలై 9వ తేదీన, 2025లో జూలై 1వ తేదీన జరిగినది. ముందునాడు ఎదురుకోళ్ళు, మరునాడు రథోత్సవము. ఆషాఢము మానవుల వివాహములకు తగదని పెద్దలు విధించిరి. క్రొత్తకోడండ్రు అత్తవారిల్లు విడిచి పుట్టింటికి పోవు మాసమిది. అట్టి మాసమున అమ్మవారికి మాత్రము పెండ్లి జరుగుచున్నది!

ఆ ఆలయమున గర్భగృహము నేలకంటె సుమారు పది అడుగులు దిగువన ఉన్నది. అమ్మవారు బావిలో శయనించినట్లు దర్శనమిచ్చును. పూర్వమొక రైతు బావి త్రవ్వుచుండగా విగ్రహము కనబడినదనియు, పైకి తీయబోయినను కదలలేదనియు, అందుచేత ఉన్నచోటనే పూజలు మొదలిడిరనియు స్థలకథ. ఆ బావిలోని నీరే భక్తులకు తీర్థము. ‘ఎల్ల’ యనగా పొలిమేర గనుక పొలిమేరను కాచు తల్లి ఎల్లమ్మయని కొందరు, ఎల్లరకును అమ్మ గనుక ఎల్లమ్మయని కొందరు చెప్పుదురు. రెండవది వ్యుత్పత్తిగా బలహీనము గాని భక్తికి అదియే ఇంపుగా నున్నది. ఈ ఎల్లమ్మయే రేణుకాదేవి యని, జమదగ్ని మహర్షి ధర్మపత్నియని, పరశురాముని కన్నతల్లియని తెలుగునాట వాడుక. పరశురాముడు మన దశావతారములలో ఆరవవాడు. కనుక ఈ తల్లి ముచ్చట వైష్ణవగృహములకు పరాయిది కాదు.

ఇచట ఒక చిత్రమైన విషయమును గమనింపవలయును. శ్రీరామునికి ఆలయములేని ఊరు లేదు. కౌసల్యాదేవికి ఆలయములు వ్రేళ్ళపై లెక్కింపవలసినవే. శ్రీకృష్ణుని సన్నిధులు దేశమంతటను కలవు. దేవకీదేవి సన్నిధి యెక్కడనని అడిగిన వెదకుకొనవలసినదే. పరశురాముని విషయము దీనికి తారుమారు. కేరళమున తిరువనంతపురముకడ తిరువల్లము వంటి కొన్ని క్షేత్రములు తప్ప ఆయనకు ప్రత్యేకాలయములు అరుదు. దేవాలయ స్తంభములపై దశావతార శిల్పములలోనే మనము ఆయనను చూచుచుందుము. ఆయన తల్లికో! బల్కంపేట సరే, మహారాష్ట్రమున నాందేడ్ జిల్లాలోని మాహూరు, కర్ణాటకమున బెళగావి జిల్లాలోని సవదత్తి, ఇక మన పల్లెలలో వేపచెట్టు క్రింద ఎల్లమ్మ గుడి లేని పొలిమేర అరుదు. కుమారుడు అవతారపురుషుడై యుండగా లోకము తల్లిని పట్టుకొన్నదేల? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. దానికి ముందు అవతారమనగా నేమో కొంచెము స్థిరపరచుకొందము.

మనమును పుట్టుచున్నాము, భగవంతుడును పుట్టుచున్నాడు. గీతలో నాల్గవ అధ్యాయమున అర్జునునితో స్వామి, నీకును నాకును ఎన్నియో జన్మములు గడచినవి, వానిని నేనెరుగుదును, నీవెరుగవు అను అర్థము వచ్చునట్లు పలికినాడు. ఈ భేదమునే భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున విశదీకరించిరి. జీవుని పుట్టుక కర్మచేత కలుగునది. కర్మ ఎచ్చటికి ఈడ్చిన అచ్చటికి పోవలసినదే. సర్వేశ్వరుని పుట్టుక ఆయన సంకల్పముచేత, కృపచేత కలుగునది. శరీరము మనకు ప్రకృతివికారము, ఆయనకు అప్రాకృతము. పుట్టినపుడు ఆయన తన ఐశ్వర్యమును విడిచి రాడు. జైలు లోనికి ఖైదీయు పోవును, ఖైదీని విడిపించుటకు అధికారియు పోవును. తలుపు ఒక్కటియే, పోక వేరు.

అయినను తల్లి విషయమున మాత్రము ఆయన మనవలెనే కట్టుబడును. భాగవతమున దశమస్కంధారంభమున చెరసాలలో పుట్టిన బాలుడు దేవకీదేవితో పలికిన సంగతిని స్మరింపుడు. ఆమె పూర్వము స్వాయంభువ మన్వంతరమున పృశ్ని. వసుదేవుడు సుతపుడను ప్రజాపతి. వారు ఘోరతపస్సు చేసి, వరము కోరుమనగా మోక్షమును కోరక, నీవంటి కుమారుడు కావలెనని అడిగిరి. తనవంటివాడు మరియొకడు లోకమున లేడు గనుక స్వామి తానే పృశ్నిగర్భుడై పుట్టెను. మరల వారే అదితికశ్యపులు కాగా వామనుడై పుట్టెను. మూడవమారు దేవకీవసుదేవులకు కృష్ణుడై వచ్చెను. కోరినది ఒక్కమారు, ఇచ్చినది మూడుమార్లు. ఇచట పునర్జన్మ తల్లిదండ్రులది, అవతారము కుమారునిది. జీవులు మరల మరల పుట్టుచుండగా వారితోపాటు దేవుడును మరల మరల దిగివచ్చుచున్నాడు. పుత్రుడై వచ్చుట యనునది ఆయనకు వేషము కాదు, ఋణము తీర్చుకొనుట.

ఇక రేణుకకు పుట్టినవాని పుట్టుక వేరొక తీరుది. నవమస్కంధము పదునైదవ అధ్యాయమున ఆ కథ కలదు. గాధిరాజు కుమార్తె సత్యవతిని భృగువంశజుడైన ఋచీకుడు కోరెను. ముసలిబ్రాహ్మణునికి పిల్లనిచ్చుట ఇష్టములేని రాజు, ఒక చెవిమాత్రము నల్లగానుండి తక్కిన మేనంతయు తెల్లనైన వేయి గుఱ్ఱములను శుల్కముగా అడిగెను. ఋచీకుడు వరుణునివద్దనుండి వానిని తెచ్చి ఇచ్చి సత్యవతిని పెండ్లాడెను. పిమ్మట సంతానముకొఱకు భార్యయు, అత్తగారును అడుగగా రెండు చరువులను వేరువేరు మంత్రములతో సిద్ధముచేసి స్నానమునకు పోయెను. తన భార్యకొఱకు చేసినదే మేలైనదై యుండునని తలచి అత్తగారు కుమార్తె చరువును అడిగి తాను తిని, తన చరువును ఆమెకిచ్చెను. తల్లి అడిగినచో ఏ కూతురు కాదనును? మహర్షి తిరిగివచ్చి, నీకు దండధరుడైన ఉగ్రకుమారుడు కలుగును, నీ తమ్ముడు బ్రహ్మవేత్త యగును అనెను. సత్యవతి వలదని వేడుకొనగా, అట్లయిన ఆ ఉగ్రత మనుమనికి చెందునని అనుగ్రహించెను. ఆ తమ్ముడు విశ్వామిత్రుడు. సత్యవతి కుమారుడు జమదగ్ని. రావలసిన మనుమడు జమదగ్ని భార్యయైన రేణుక కడుపున పడెను. అనగా రేణుక తాను ఎరుగని యొక మార్పు ఫలమును మోసిన తల్లి. అత్తగారు వలదనుకొన్న ఉగ్రత కోడలి ఒడిలోనికి వచ్చినది.

రేణుక యెవరి కూతురు? భాగవతము రేణువను వాని కూతురనును; భారతము ప్రసేనజిత్తు కూతురనును. ఏదియైనను రాజకన్య, ఆశ్రమమునకు వచ్చి మడికట్టుకొన్నది. ఆమెయెడ జమదగ్నికి ప్రేమలేదని తలచువారు అనుశాసనికపర్వమును చూడలేదనవలయును. జ్యేష్ఠమాసమున ఒకనాడు మునీశ్వరుడు వినోదముగా బాణములు వేయుచుండగా రేణుక పరుగెత్తి వానిని ఏరితెచ్చుచుండెను. మిట్టమధ్యాహ్నమగుటచే తలయు పాదములును కాలి, ఆమె ఒక చెట్టునీడను క్షణకాలము నిలిచి ఆలస్యముగా వచ్చెను. కారణమడిగి తెలిసికొన్న జమదగ్ని భార్యపై కాక సూర్యునిపై కోపించి విల్లెక్కుపెట్టెను. సూర్యుడు బ్రాహ్మణరూపమున దిగివచ్చి, శరణుజొచ్చి, ఎండనుండి కాపాడుకొనుటకు గొడుగును, చెప్పులను ఇచ్చెను. మనము నేడు బ్రాహ్మణునికి దానమిచ్చు ఛత్రపాదుకలకు ఇదియే మూలకథ. భార్య పాదములు కాలినవని సూర్యునే కొట్టబోయిన భర్త ఇతడు. ఆమె ఆలస్యమునకు నాడు సూర్యుడు దోషియయ్యెను. మరియొకనాటి ఆలస్యమునకు ఆమెయే దోషియయ్యెను.

ఆ రెండవ ఆలస్యము మనకు బాధాకరమైనది. నీటికై నదికి పోయిన రేణుక, చిత్రరథుడు స్త్రీలతో జలక్రీడలాడుచుండగా చూచి ఒకింత మనసు చలించి నిలిచెను. భారతము ఆ చిత్రరథుని రాజనును, భాగవతము గంధర్వరాజనును. హోమవేళ మించిపోయెను. ఆమె వచ్చి కలశమును ముందుంచి చేతులు జోడించి నిలువగా, ముని అంతయు దివ్యదృష్టితో గ్రహించి, ఈమెను చంపుడని కుమారులను ఆజ్ఞాపించెను. పెద్దవారు నలుగురు చేయజాలకపోయిరి. ఐదవవాడైన రాముడు గొడ్డలి ఎత్తెను.

రెండు గ్రంథములును ఇచటనుండి కొంత వేరుపడుచున్నవి. భారత వనపర్వము ప్రకారము మాటవినని నలుగురు తండ్రి శాపముచే జడులైరి. భాగవతము ప్రకారము రాముడు తల్లితోపాటు అన్నలను కూడ చంపెను. కథల క్రమమును వేరే. భారతమున ఈ వృత్తాంతము ముందు, కార్తవీర్యార్జునుని కథ తరువాత. భాగవతమున కార్తవీర్యవధ ముందు జరిగెను. అభిషిక్తుడైన రాజును చంపుట బ్రహ్మహత్యకంటె గొప్ప పాపమని, బ్రాహ్మణునికి క్షమయే భూషణమని జమదగ్ని కుమారుని మందలించి ఏడాది తీర్థయాత్రకు పంపెను. ఆ యాత్ర ముగించి కుమారుడు వచ్చిన పిదపనే రేణుక గంగకు పోవుట. క్షమను బోధించిన నోటితోనే ఆజ్ఞ వెలువడినది. పురాణకర్త ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి ఊరకుండెను. ఊరకుండుటయు ఒక వ్యాఖ్యానమే యని నా గురువులు చెప్పుచుండెడివారు.

వధ జరిగినంతనే జమదగ్ని కోపము దిగిపోయెనని భారతము చెప్పుచున్నది. ఆయన సంతోషించి వరము కోరుమనగా రాముడు కోరిన వరుసను చూడవలయును. మొట్టమొదటిది తల్లి బ్రదుకుట. రెండవది, తాను చంపబడిన సంగతి ఆమెకు జ్ఞాపకముండకుండుట. పిమ్మట పాపస్పర్శ లేకుండుట, అన్నలు మరల స్వస్థులగుట. యుద్ధమున ఎదురులేకుండుట, దీర్ఘాయువు అను తన సొంతకోరికలు చిట్టచివర. తండ్రి తపశ్శక్తిని ఎరిగియుండుటచేతనే అతడు ఆజ్ఞకు తలవంచెనని భాగవతము సూచించుచున్నది. తీసిన ప్రాణమును మరల ఇప్పించుకొనగలనని అతనికి నమ్మకము. అయినను ఈ సమాధానముతో తల్లుల మనస్సు ఊరడిల్లదని నాకు తెలియును. ఆ రెండవ వరమునందు మాత్రము కుమారుని హృదయము బయటపడినది. బ్రదికిన తల్లి తన్ను చూచి భయపడకూడదు. ఆమె కంటిలో గొడ్డలి నీడ ఉండరాదు. వారు నిద్రనుండి లేచినట్లు లేచిరి.

ఈ కథను మరియొక అవతారపురుషుడు తన తల్లికి చెప్పిన సందర్భము శ్రీమద్రామాయణమున ఉన్నది. పారాయణ చేయువారు కూడ దానిని త్వరగా దాటిపోవుదురు గనుక ఇచట కొంచెము నిలుతము. అయోధ్యాకాండ ఇరువదియొకటవ సర్గ. వనవాసపు వార్త విని కౌసల్య కూలిపోయినది. లక్ష్మణుడు విల్లెత్తి మండిపడుచున్నాడు. తండ్రి నీకెట్లు గురువో నేనును అట్లే గురువును, పోవుటకు నేను అనుమతింపను, పోయితివేని ఆహారము మాని ప్రాణము విడుతును అని తల్లి ధర్మమార్గముననే వాదించినది. ఆమె వాదమున లోపమేమియు లేదు. అప్పుడు శ్రీరాముడు, తండ్రిమాటను దాటు శక్తి నాకు లేదని చెప్పుచు, పెద్దలు నడచిన త్రోవకు మూడు ఉదాహరణలిచ్చెను. తండ్రి చెప్పగా గోవును చంపిన కండుమహర్షి, తండ్రి పంపగా భూమిని త్రవ్వి నశించిన సగరపుత్రులు, తండ్రిమాటపై అడవిలో గొడ్డలితో తల్లియైన రేణుకను నరికిన జామదగ్న్యుడు.

కన్నతల్లి పాదములకడ నిలిచి, కొడుకు చేతిలో చచ్చిన తల్లి కథను చెప్పుట! అయోధ్యకు వచ్చు దారిలో తనతో తలపడిన భార్గవుని ఆయన అప్పుడే చూచియుండెను. ఆ గొడ్డలిని కన్నులార చూచిన రాముడు చెప్పుచున్న మాట యిది. నాకు తోచునది యేమనగా, ఆ మాట కౌసల్యను ఒప్పించుటకు చెప్పినది కాదు. తాను చేయబోవునదియు ఒక విధముగ మాతృవధయే యని శ్రీరాముడెరుగును. గొడ్డలి లేదు గాని పదునాలుగేండ్ల ఎడబాటు కలదు. అయితే ఆయన రేణుకాతనయుడు చేయనిదానిని ఒకటి చేసెను. తండ్రిమాట విన్నవెంటనే బయలుదేరలేదు. తల్లికి ప్రదక్షిణముచేసి, ఆమె శోకము తీరువరకు నిలిచి, బ్రతిమాలి, ఒప్పించెను. ఇరువదియైదవ సర్గలో కౌసల్య కన్నీరు తుడుచుకొని ఆచమించి, దేవతలందరిని పేరుపేరున తలచి, రక్షకట్టి, కుమారునికి మంగళాశాసనము చేసినది. ఆ మంగళాశాసనమును తలదాల్చిన పిదపనే ఆయన గడప దాటెను. తండ్రి ఆజ్ఞను మోయుటలో ఇద్దరు రాములును సమానులే. తల్లి అనుమతిని కూడ మూటగట్టుకొని పోయినవాడు దాశరథి.

ఇప్పుడు ఆలయముల ప్రశ్నకు వత్తము. మన విశిష్టాద్వైత సంప్రదాయమున భగవంతునికి పరము, వ్యూహము, విభవము, అంతర్యామి, అర్చ అని ఐదు ప్రకారములు. అవతారములు విభవమున చేరినవి. విభవమును ముఖ్యమనియు గౌణమనియు రెండుగా విభజించుట పాంచరాత్రమున విష్వక్సేనసంహితాదులనుండి వచ్చిన పద్ధతి. పిళ్ళైలోకాచార్యులు తత్త్వత్రయమున దానిని స్పష్టపరచిరి. రామకృష్ణాదులు ముఖ్యావతారములు, అచట సాక్షాత్తు ఆయనయే తన అప్రాకృత విగ్రహముతో వచ్చినాడు. గౌణమనగా ఆవేశావతారము. ఆవేశమనగా ఇచట కోపము కాదు, ప్రవేశము. ఒక జీవునియందు, ఒక కార్యముకొఱకు, కొంతకాలము భగవంతుడు ప్రవేశించి పనిచేయించును. పరశురాముడు ఈ కోవలోనివాడు. అందుచేత ముముక్షువులకు ఆయన ఉపాస్యుడు కాడని ఆచార్యుల నిర్ణయము. దీనిని తిరస్కారముగా తలపరాదు. ఆళ్వారులు ఇరువదియొక్కమారు రాజులను తెగటార్చిన ఆ పరశుధారిని పాశురములలో స్మరించిరి. వేదాంతదేశికులు దశావతారస్తోత్రమున భార్గవరాముని స్తుతించిరి. స్తుతికి యోగ్యుడు, నిత్యోపాసనకు వేరొకరున్నారు. అంతియే. మాధ్వసంప్రదాయమువారు పరశురాముని సాక్షాత్తు శ్రీహరియనియే చెప్పుదురు. ఇద్దరు రాముల ఎదురుపాటు వారికి కేవలము లీల. ఆ వాదమునకును బలమున్నది, దానిని ఇచట విస్తరింపను.

మన పక్షమునకు బాలకాండయే సాక్షి. శివధనుర్భంగము విని వచ్చిన జామదగ్న్యుడు, విష్ణువు తన పితామహుడైన ఋచీకునికిచ్చిన వైష్ణవధనుస్సును దాశరథి కందించి ఎక్కుపెట్టుమనెను. శ్రీరాముడు విల్లందుకొని అవలీలగా ఎక్కుపెట్టెను. ఆ క్షణమున జామదగ్న్యుడు తేజోవీర్యములు తొలగి జడుడై రామునివైపు చూచుచు నిలిచిపోయెను. ఎదుటివాడు మధుసూదనుడే యని గుర్తించి, సంధించిన బాణమునకు తాను తపస్సుచే గెలిచిన లోకములను లక్ష్యముగా నిచ్చి, తన గమనశక్తిని మాత్రము ఉంచుమని వేడి, మహేంద్రపర్వతమునకు మరలిపోయెను. అప్పు ఇచ్చినవాడే వచ్చి సొమ్ము తిరిగి తీసికొన్నట్లున్నది. ఆ మహేంద్రగిరి మనకు దూరము కాదు. శ్రీకాకుళం జిల్లా మందస ప్రాంతమునుండి చూచిన ఒడిశా సరిహద్దున కనబడునదే.

ఈ నిర్ణయమునుబట్టి చూచినచో లోకవ్యవహారము శాస్త్రమునకు ఎదురుగా పోలేదని తెలియును. కౌసల్యాదేవకులయందు తల్లి మహిమ కుమారునియందే నిలిచినది; రామమందిరమునకు పోయి మ్రొక్కినవాడు కౌసల్యకు మ్రొక్కినవాడే. రేణుక కుమారునియందు ప్రవేశించిన తేజస్సు పనిముగిసి మరలిపోయినది. తల్లి మిగిలినది. ఆమె పడిన దుఃఖము కుమారుని ఆలయమున ఇమిడిపోవునది కాదు. అందుచే లోకము ఆమెకు వేరుగా గుడికట్టినదని నేను భావించుచున్నాను.

ఇది కేవల పాండిత్యవిచారము కాదనుటకు ఒక సంగతి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట భాగవతపాఠము ముగిసిన పిదప ఒక వృద్ధగృహిణి నిలిచి నన్నడిగెను. “స్వామీ, మా క్రొత్తకోడలి పుట్టింటివారికి ఎల్లమ్మతల్లి ఇలవేల్పు. ఆషాఢములో వారితో కలిసి బోనము తీసికొని బల్కంపేట పోవుదునని అడుగుచున్నది. మేము సమాశ్రయణము పొందినవారము. పంపవచ్చునా? పంపకున్న పిల్ల ఏడ్చుచున్నది. పంపిన మా వారు అలుగుచున్నారు.” ఇట్టి చిక్కు నగరమున నేడు అనేక గృహములలో కలదు. సంబంధములు కలిసినపుడు దేవతలును కలియుదురు.

ప్రపన్నుడు శ్రియఃపతిని తప్ప అన్యుని ఉపాయముగా పట్టరాదనుట మన సిద్ధాంతము. దానిని సడలించు అధికారము నాకు లేదు. కాని ఇచట చూడవలసినది ఆ పిల్ల అడుగుచున్నదేమి యని. బోనమనగా భోజనము, అన్నమో, పాలు బెల్లముతో వండిన పాయసాన్నమో క్రొత్తకుండలో పెట్టి, పసుపు కుంకుమలు దిద్ది, వేపమండలు చుట్టి, తలపై మోసికొనిపోయి తల్లికి చూపుట. కన్నతల్లివెంట నడచి, మరియొక తల్లికి అన్నము చూపుటకు ఆ పిల్ల పోవుచున్నది. ఆ గృహిణితో నేనిట్లంటిని: “అమ్మా, నవమస్కంధము మీరు ప్రతి సంవత్సరము విందురు. అందు రేణుక పేరు వచ్చినపుడు చెవులు మూసికొనరు గదా. మీ కోడలిని పంపుడు. అచట వరములు కోరవలదని, ఆరవ అవతారమునకు జన్మనిచ్చిన తల్లిని చూచి రమ్మని చెప్పుడు. వచ్చిన తరువాత ఇంటిలో పెరుమాళ్ళకు ఎప్పటివలె తళిగ సమర్పించుకొమ్మనుడు. పుట్టింటి దేవతను విడిచిరమ్మని కోడలిని ఏడిపించిన ఇంట పెరుమాళ్ళు సంతోషించునని నేను ఏ గ్రంథమునందును చదువలేదు.” దీనిని అంగీకరింపని ఆచార్యపురుషులుందురు. వారి నిష్ఠకు నమస్కారము. ఆయా గృహములవారు తమ ఆచార్యుని అడిగి చేయుటయే ఉత్తమము. నన్నడిగినారు గనుక నా మాట చెప్పితిని.

ఇక కథాశేషము. కార్తవీర్యుని కుమారులు పగతో సమయము కనిపెట్టి, పరశురాముడు లేనపుడు ఆశ్రమముపై బడి, ధ్యానమందున్న జమదగ్నిని చంపిరి. రేణుక అడ్డుపడి ప్రాధేయపడినను వినక తలను తీసికొనిపోయిరి. తల్లి గుండెలు బాదుకొనుచు, రామా, రామా, రావయ్యా యని ఎలుగెత్తి పిలిచెను. ఇరువదియొక్కమారు గుండె బాదుకొన్నదనియు, అందుకే కుమారుడు ఇరువదియొక్కమారు దండెత్తెననియు జనశ్రుతి. ఏ తల్లిపై గొడ్డలి ఎత్తెనో ఆ తల్లి కేక విని ఆ గొడ్డలితోనే అతడు పరుగెత్తినాడు. ఎవరి వలన తనకు ఆపద వచ్చినదో ఆమె ఎరుగదు, వరము మరపించినది. కుమారుడు మాత్రము మరువలేదని ఆ పరుగే చెప్పుచున్నది. శమంతపంచకమున రక్తపుమడుగులు, యాగము, భూదానము మొదలగునవి అందరెరిగినవే గనుక విడిచెదను.

ఆ కథ చివరను భాగవతము జమదగ్ని మరల దేహము పొంది సప్తర్షిమండలమున ఏడవవాడై వెలుగుచున్నాడనియు, పరశురాముడు రాబోవు మన్వంతరమున వేదప్రవర్తకుడగుననియు, నేటికిని గొడ్డలి విడిచి శాంతచిత్తుడై మహేంద్రగిరిపై ఉన్నాడనియు చెప్పినది. తండ్రికి నక్షత్రపదవి, కుమారునికి ఋషిపదవి. విలపించిన రేణుక ఏమైనదో అచట ఒక్కమాటయు లేదు.

ఆ మాటను చెప్పువారు వేరే యున్నారు. తెలంగాణమున బైండ్లవారు జమిడికె వాయించుచు ఎల్లమ్మకథను రాత్రులు తరబడి చెప్పుదురు. జనుల నోట నిలిచిన ఈ కథలలో, గొడ్డలితో వచ్చు కుమారుని చూచి రేణుక పరుగెత్తి, లోకము ఊరి వెలుపల ఉంచిన వాడలో మాతంగి యను స్త్రీ ఇంట దూరును. ఆ మాతంగి ఆమెను విడువక కౌగిలించుకొని నిలువగా, ఒక్కవ్రేటున ఇద్దరి తలలు తెగును. తండ్రి వరముతో బ్రదికించుకొను తొందరలో కుమారుడు తలలను తారుమారుగా అతికించును. రేణుక తలతో లేచినది ఒకతె, రేణుక మేనితో లేచినది మరియొకతె, ఇద్దరును అమ్మవార్లే. సంస్కృతపురాణములలో నేను చదివినంతలో ఈ ఘట్టము లేదు. అయినను తిరుప్పాణాళ్వారును గర్భాలయమునకు భుజములపై మోయించి తెచ్చుకొన్న రంగనాథుని కొలుచు మనము, రాజకన్యకు చివరి ఆశ్రయము ఏ వాడలో దొరకినదో చెప్పు ఈ భాగమును చెవియొగ్గి వినదగును. బల్కంపేట వీధులలో ఆషాఢమున బోనములు మోయు స్త్రీలలో ఏ తల యెవరిది, ఏ మేను ఎవరిదియని అడుగువారు లేరు. బావిమెట్లకడ అందరికి పోయు తీర్థము ఒక్కటియే.